సముద్రపు లోతునీటి పరీక్ష – పాత పరికరములు, క్రొత్త పరికరములు

పొలములో మట్టి పరీక్ష చేయించిన రైతు సోదరులందరికి ఒక సంగతి అనుభవములో ఉన్నదే. గట్టు ప్రక్కన, పెంటకుప్ప వేసిన చోట, చెట్టు నీడన తీసిన మట్టిని పంపినచో, పరీక్ష ఎంత జాగ్రత్తగా జరిగినను ఫలితము ఆ పొలమునకు చెందదు. నమూనా తప్పయినచో పరీక్ష కూడ తప్పే అగును. సముద్రపు నీటి విషయములోను సూత్రము ఇదే. అయితే మట్టిని పారతో తీయవచ్చును; వంద బారల లోతున ఉన్న నీటిని, పైనీరు ఒక్క చుక్కయైన కలియకుండ పైకి తెచ్చుట అంత సులభము కాదు. సముద్ర పరిశోధనాలయములు ఎప్పటికప్పుడు తమ నీటి సీసాలను, తీగలను, నీట మునుగు సాధనములను మార్చుకొనుట ఈ కష్టము వలననే. ఆ మార్పులు ఏవి, ఎందుకు అవసరమైనవి, వాటి నుండి మన బావుల నీటికి, చెరువుల నీటికి నేర్చుకొనదగినది ఏమి అనునది ఈ వ్యాసములో వివరించబడినది.

రైతుకు సముద్రముతో పని ఏమి?

సుమారు వేయి కిలోమీటర్ల తీరము గల ఆంధ్ర ప్రదేశములో వరి రైతు, రొయ్యల రైతు, చేపల రైతు సముద్రమునకు దూరముగా ఉండజాలరు. వర్షము సముద్రము నుండి వచ్చును. తుఫాను సముద్రముపై పుట్టును. రొయ్యల చెరువునకు ఉప్పునీరు కాలువ ద్వారా సముద్రము నుండియే చేరును. తీరగ్రామములలో మంచినీటి బావులలోనికి ఉప్పునీరు చొచ్చుకొని వచ్చుచున్నది.

తుఫాను సంగతి చూడుడు. సముద్రముపై నీరు సుమారు 26 లేక 27 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వెచ్చగా ఉన్నప్పుడే తుఫానుకు బలము చేకూరును. సాధారణముగా గాలి విసరుకొలది అడుగునున్న చల్లని నీరు పైకి కలిసి, సముద్రము చల్లబడి, తుఫాను కొంత బలహీనపడును. కాని బంగాళాఖాతములో నైరుతి ఋతుపవనముల తరువాత వేరొక పరిస్థితి ఏర్పడును. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ నదుల వరదనీరు, సముద్రముపై కురిసిన వాన కలిసి ఉప్పునీటిపై తేలికైన పొరగా నిలుచును. వరద దినములలో అంతర్వేది దగ్గర ఎర్రనీరు సముద్రములోనికి చాల దూరము పోవుట మత్స్యకారులందరు చూచినదే. ఈ పొర ఉన్నచోట గాలి ఎంత వీచినను అడుగునీరు పైకి రాజాలదు. సముద్రము చల్లబడదు. కావున పొర ఎంత మందమున ఉన్నదో, దాని ఉప్పదనము ఎంతో తెలిసికొనుట తుఫాను బలమును అంచనా వేయుటకు అవసరము. పొర కొన్ని మీటర్ల మందము మాత్రమే ఉండవచ్చును. దానిని కొలుచుటకు తగిన పరికరము లేనిచో, అది ఉన్నట్లే తెలియదు.

బకెట్టు నుండి నాన్సెన్ సీసా వరకు

పైనీటికి బకెట్టు చాలును. ఓడపై నుండి త్రాడు కట్టి తోడి, ఉష్ణమాపకము ముంచి చూచెడివారు. లోతునీటికి మూత తెరచియున్న సీసాను దింపినచో దారిలో ఉన్న నీరంతయు అందులో చేరును. మూసిన సీసాను దింపినచో నీటి బరువుకు అది పగులును. కావున తెరచి దింపి, కోరిన లోతున మూసి, మూసినట్లే పైకి తీయవలెను. ఈ పని చేయుటకు నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు ఫ్రిడ్‌జాఫ్ నాన్సెన్ రూపొందించిన లోహపు సీసా సుమారు డెబ్బది సంవత్సరములు ప్రపంచమంతట వాడబడినది.

దాని పనితీరు ఇది. ఉక్కుతీగకు వరుసగా కొన్ని సీసాలు బిగించి దింపుదురు. రెండు కొనలు తెరచియుండుట వలన నీరు లోపలి నుండి పారుచుండును. సీసాలు కావలసిన లోతులకు చేరిన పిమ్మట పై నుండి తీగ వెంట ఒక ఇత్తడి గుండును జారవిడుతురు. అది మొదటి సీసా పట్టును తట్టగానే, ఆ సీసా తిరగబడి రెండు కవాటములు మూసికొనును. అదే సమయమున దాని క్రింద వ్రేలాడు రెండవ గుండు విడువబడి క్రింది సీసాను తట్టును. ఇట్లు వరుసగా అన్నియు మూసికొనును. తీగను చేతితో పట్టుకొన్న వానికి ఒక్కొక్క తాకిడి సన్నని అదురుగా తెలియును.

సీసా ప్రక్కన ఉండు ఉష్ణమాపకము కూడ ప్రత్యేకమైనది. సీసా తిరగబడినప్పుడు పాదరసపు పోగు ఒక సన్నని మలుపు వద్ద తెగి, ఆ లోతున ఉన్న వేడిమిని అట్లే నిలుపుకొనును. పైకి వచ్చు దారిలో వెచ్చని నీరు తగిలినను కొలత మారదు. ఇట్టి ఉష్ణమాపకమును లండనులోని నెగ్రెట్టి–జాంబ్రా అను వారు 1874లో ప్రవేశపెట్టిరి.

మన తీరమున ఈ పరికరములతోనే పని మొదలైనది. అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి విశాఖపట్టణము తీరమున సముద్రపు నీటి పరిశీలనలు జరిపెను. వేసవి ఆరంభములో తీరము వెంట వీచు గాలులకు పైనీరు లోసముద్రమునకు నెట్టబడి, దాని స్థానమున చల్లని అడుగునీరు తీరము దగ్గర పైకి వచ్చుచున్నదని వారు కనుగొనిరి. అడుగునీటిలో నత్రజని, భాస్వరపు లవణములు ఎక్కువ. అవి వెలుతురు తగులు పైపొరకు చేరినప్పుడు, పొలమునకు ఎరువు వేసినట్లే, కంటికి కనబడని నీటిమొక్కలు పెరుగును. వాటిని తిను చేపలు చేరును. 1960 ప్రాంతమున జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్రలో మన నౌకాదళమునకు చెందిన ఐ.ఎన్.ఎస్. కిస్ట్నా అను ఓడ పాల్గొన్నది. ఆ ఓడకు కృష్ణానది పేరు పెట్టబడినదే. ఆ కాలమున నాన్సెన్ సీసాయే ముఖ్య సాధనము.

పాత సీసాలో లోపములు

మొదటిది: లోతు విషయము. ఓడ గాలికి కొట్టుకొని పోవునప్పుడు తీగ నిలువుగా ఉండదు. 100 మీటర్ల తీగ 30 డిగ్రీలు వాలినచో సీసా ఉండునది 87 మీటర్ల లోతున మాత్రమే. దీనిని సరిదిద్దుటకు వేరొక ఉష్ణమాపకము వాడి, నీటి ఒత్తిడిని బట్టి అసలు లోతును లెక్క కట్టవలసి వచ్చెడిది.

రెండవది: సీసాల మధ్య ఎడము. సాధారణముగా 0, 10, 20, 30, 50, 75, 100 మీటర్ల లోతులలో నీరు తీసెడివారు. పైన చెప్పిన మంచినీటి పొర ఏడు మీటర్ల మందమున ఉన్నదనుకొనుడు. సున్న మీటరు సీసాలో తక్కువ ఉప్పు, పది మీటర్ల సీసాలో ఎక్కువ ఉప్పు కనబడును. మార్పు రెండు మీటర్ల వద్ద జరిగినదో, తొమ్మిది మీటర్ల వద్ద జరిగినదో సీసా చెప్పజాలదు.

మూడవది: సీసా లోహము. సముద్రపు నీటిలో సీసము, తుత్తునాగము, రాగి వంటివి అత్యల్పముగా ఉండును. లోహపు సీసా, త్రుప్పుతీగ, ఓడ పొట్టకు పూసిన రంగు, పరీక్షకుని చేతిచెమట, ఇవన్నియు నమూనాలో చేరెడివి. 1970ల మధ్యకాలమున శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలతో, పూత పూసిన తీగలతో, దుమ్ములేని గదులలో పరీక్షలు జరుపగా, పెక్కు లోహముల పరిమాణము అంతకు పూర్వము అచ్చయిన లెక్కలలో పదవవంతు, నూరవవంతు, కొన్నింటి విషయమున వేయవవంతు మాత్రమే అని తేలినది. సముద్రము మారలేదు. సీసా మారినది. అంతవరకు పెక్కు పరిశోధకులు కొలిచినది సముద్రమును కాదు, తమ ఓడను అని చెప్పవలసి యున్నది.

నిస్కిన్ సీసా

1966 ప్రాంతమున అమెరికాలో షేల్ నిస్కిన్ రూపొందించిన ప్లాస్టిక్ సీసా ఈ లోపములలో కొన్నిటిని తొలగించినది. ఇది తిరగబడదు. గొట్టము రెండు కొనలకు రెండు బిరడాలు. వాటిని సాగదీసి కొక్కెములకు తగిలించి దింపుదురు. కొక్కెము విడువగనే లోపలి రబ్బరు త్రాడు బిరడాలను రెండు ప్రక్కల నుండి లాగి బిగించును. సీసా పెద్దదిగా చేయవచ్చును. అయిదు, పది లీటర్ల సీసాలు సర్వసాధారణము.

ఇందులోను ఒక చిక్కు బయటపడినది. లోపలి రబ్బరు త్రాడు నుండి ఊరు పదార్థములు సూక్ష్మమైన నీటిమొక్కలకు హాని చేయుచున్నవని 1980లలో తేలినది. కావున జీవసంబంధమైన పరీక్షలకు సిలికోను త్రాళ్ళను గాని, పూత గల స్ప్రింగులను గాని వాడవలసి వచ్చినది. క్రొత్త పరికరము వచ్చినంత మాత్రమున సమస్య తీరిపోదనుటకు ఇది మంచి నిదర్శనము. సీసాను మార్చినప్పుడు దాని త్రాడు, బిరడా, కుళాయి కూడ పరిశీలింపవలెను.

నేడు ఈ సీసాలను పన్నెండు గాని, ఇరువదినాలుగు గాని ఒక గుండ్రని ఇనుప చట్రమునకు అమర్చుదురు. ఓడపైనున్న వ్యక్తి మీట నొక్కగనే తీగలోని విద్యుత్తు ద్వారా కోరిన సీసా మూసికొనును. జారుగుండు అవసరము లేదు.

లోతు కొలది లెక్క చెప్పు యంత్రము

ఆ చట్రము నడుమ ఒక యంత్రము ఉండును. అది నీటి విద్యుద్వాహకతను, వేడిమిని, ఒత్తిడిని ఏకకాలమున కొలుచును. వీటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరములను బట్టి దీనిని సి.టి.డి. అందురు. ఉప్పు ఎక్కువగా ఉన్న నీటిలో విద్యుత్తు సులభముగా పారును. కావున విద్యుద్వాహకత నుండి ఉప్పదనము లెక్క కట్టవచ్చును. మన భూసార పరీక్షా కేంద్రములలో మట్టిలోని, సాగునీటిలోని ఉప్పును కొలుచు పద్ధతియు ఇదే. మంచి సి.టి.డి. యంత్రము సెకనుకు 24 సార్లు కొలత తీయును. నిమిషమునకు అరువది మీటర్ల వేగమున దింపినను ప్రతి మీటరుకు 24 కొలతలు వచ్చును. పూర్వము రెండు సీసాల మధ్య దాగియున్న ఏడు మీటర్ల పొర ఇప్పుడు గీత గీసినట్లు కనబడును.

ఇదే తరహా యంత్రమును ఓడ లేకుండ పనిచేయునట్లు చేసినదే ఆర్గో తేలుడు పరికరము. ఇది సుమారు 1,000 మీటర్ల లోతున ప్రవాహముతో పాటు కొట్టుకొని పోవుచు, పది దినముల కొకసారి 2,000 మీటర్ల వరకు దిగి, అక్కడి నుండి కొలుచుచు పైకి వచ్చి, ఉపగ్రహము ద్వారా లెక్కలు పంపి, మరల మునుగును. హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, అనగా ఇన్‌కాయిస్, ఈ లెక్కలను సేకరించుచున్నది. మత్స్యకారులకు చేపలు దొరకు ప్రాంతముల సూచనలు పంపునదియు ఈ సంస్థయే. ఋతుపవనముల అంచనాకు, తుఫాను అంచనాకు వాడు లెక్కలలో ఆర్గో కొలతలకు స్థానము కలదు.

కరిగిన ప్రాణవాయువు

నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలుచు పద్ధతిని హంగేరీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు లయోష్ వింక్లర్ 1888లో ప్రకటించెను. నమూనాలో మాంగనీసు లవణము, క్షారము కలిపిన అయొడైడు ద్రావణము పోయుదురు. ప్రాణవాయువు ఉన్నకొలది గోధుమరంగు ముద్ద ఏర్పడును. ఆమ్లము పోసినచో ముద్ద కరిగి అంతే పరిమాణమున అయొడిను విడుదలగును. గంజి కలిపి నీలిరంగు పోవువరకు థయోసల్ఫేటు ద్రావణమును చుక్కచుక్కగా పోసి లెక్కకట్టుదురు. నూట ముప్పది సంవత్సరములు దాటినను ఈ పద్ధతి మూలపడలేదు. కాంతితో కొలుచు నేటి యంత్రములు సరిగా చెప్పుచున్నవో లేదో తేల్చుటకు వింక్లర్ పరీక్షయే ప్రమాణము.

ఇందులో ముఖ్యమైనది సీసా నింపు తీరు. నిస్కిన్ సీసా ఓడపైకి రాగానే ముందుగా ప్రాణవాయువు నమూనాను, తరువాత పోషక లవణముల నమూనాను, చివర ఉప్పదనపు నమూనాను తీయుదురు. ఆలస్యమైనకొలది గాలి నీటిలో కలిసి లెక్క తప్పును గనుక ఈ క్రమము. రబ్బరు గొట్టమును చిన్న సీసా అడుగువరకు పెట్టి, నీటిని మెల్లగా విడిచి, సీసా నిండి పొర్లి రెండు మూడు సీసాల నీరు బయటికి పోయిన తరువాత గొట్టము తీసి, బుడగ లేకుండ బిరడా బిగింతురు.

మంచి పరికరము ఎంత అవసరమో బంగాళాఖాతము ఒక పాఠము చెప్పినది. పైనీటిలో లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండును. కొన్ని వందల మీటర్ల లోతున అది దాదాపు లేనట్లే. అరేబియా సముద్రములో ఇట్టి పొరలలో సూక్ష్మజీవులు నత్రజని లవణములను వాయువుగా మార్చి పోగొట్టుచున్నవి. ముంపు వరిమడిలో వేసిన నత్రజని ఎరువులో కొంత గాలిలో కలిసిపోవుట కూడ ఇట్టి పనియే. బంగాళాఖాతములో అట్లు జరుగుచున్న ఆనవాలు స్పష్టముగా కనబడలేదు. సామాన్య యంత్రములు సున్నకును, సున్నకు దగ్గరగా ఉన్నదానికిని భేదము చూపలేవు. అతి సూక్ష్మముగా కొలుచు యంత్రములతో పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితములలో, బంగాళాఖాతపు ఆ పొరలో ప్రాణవాయువు జాడగా మిగిలియున్నదని తేలినది. ఆ జాడయే సూక్ష్మజీవుల పనిని చాలవరకు అడ్డుచున్నది. అది కూడ తరిగిపోయినచో సముద్రములోని పోషకముల లెక్కయే మారవచ్చును. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న కొలతపై ఆధారపడియున్నది.

నీట మునుగు సాధనములు

కొన్ని నమూనాలను తీగ కట్టి తీయుట కుదరదు. రాతి సందులలోని నీరు, ముత్యపు చిప్పల పాదులు, పగడపు దిబ్బలు, అడుగున అమర్చిన యంత్రములు – వీటి కొరకు మనిషి దిగవలసినదే. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పలు తీయువారు రాయి పట్టుకొని ఒక్క ఊపిరితో మునుగుట పూర్వాచారము. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాఁ అనువారు రూపొందించిన శ్వాససాధనము వలన డైవరు తన గాలిని వీపున మోసికొని పోగలిగెను. దీనినే స్కూబా అందురు.

గాలి ఎంత కాలము వచ్చునో లెక్క చూడుడు. 12 లీటర్ల సిలిండరులో 200 రెట్ల ఒత్తిడితో గాలి నింపినచో 2,400 లీటర్ల గాలి ఉండును. పది మీటర్ల కొకసారి నీటి ఒత్తిడి గాలి ఒత్తిడికి సమానముగా పెరుగును. కావున 20 మీటర్ల లోతున ఒత్తిడి మూడు రెట్లు. పైన నిమిషమునకు 20 లీటర్లు పీల్చువాడు అక్కడ 60 లీటర్లు వాడును. నాల్గవవంతు గాలిని ఆపదకై మిగిల్చినచో 1,800 లీటర్లు, అనగా అరగంట మాత్రమే. బరువు పని చేసినచో ఇంకను తక్కువ.

గాలి ఉన్నంత మాత్రమున పైకి ఎట్లయినను రావచ్చునని కాదు. ఒత్తిడిలో నత్రజని రక్తములోను, కొవ్వులోను కరుగును. గోలీసోడా మూత తీయగనే బుడగలు పొంగినట్లు, డైవరు తొందరగా పైకి వచ్చినచో ఆ నత్రజని శరీరములో బుడగలై కీళ్ళ నొప్పులు, పక్షవాతము, మరణము కూడ కలుగజేయును. ఇంగ్లండులో జె. ఎస్. హాల్డేన్ మేకలపై ప్రయోగములు జరిపి, ఎంత లోతున ఎంతసేపున్నచో ఎక్కడెక్కడ ఆగుచు పైకి రావలెనో తెలుపు పట్టికలను 1908లో ప్రకటించెను. నేడు డైవరు మణికట్టుకు కట్టుకొను చిన్న కంప్యూటరు ఈ లెక్కను క్షణక్షణము చెప్పును. అయినను నిమిషమునకు తొమ్మిది పది మీటర్లకు మించకుండ పైకి వచ్చుట, అయిదు మీటర్ల వద్ద మూడు నిమిషములు ఆగుట, ఒంటరిగా దిగకుండుట మారని నియమములు.

పరిశోధనాలయములో సాధనములు మార్చునప్పుడు సొమ్ము తక్కువగా ఉన్నచో ముందుగా చూడవలసినది గాలి నింపు కంప్రెసరు. దాని నోరు ఇంజను పొగ వైపు ఉన్నచో కార్బన్ మోనాక్సైడు సిలిండరులో చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. పైన ఏమియు తెలియదు. లోతున ఒత్తిడి పెరిగినప్పుడు డైవరు స్పృహ తప్పును. వడపోతలు గడువునకు మార్చుట, సిలిండరులకు నీటి ఒత్తిడి పరీక్ష, రెగ్యులేటరులకు మరమ్మతు – వీటి తరువాతనే క్రొత్త కెమెరాలు, క్రొత్త యంత్రములు.

ఈ వాయువు మన బావులలోను మనుష్యులను పొట్టన పెట్టుకొనుచున్నది. బావి లోపలి గట్టుపై డీజిలు ఇంజను నడిపి, అది ఆగినప్పుడు దిగినవారు, వారిని రక్షింపబోయినవారు కూడ ఒకరి తరువాత ఒకరు ప్రాణములు కోల్పోవుట జరుగుచున్నది. దీపము దింపి చూచి, ఆరలేదని ధైర్యపడరాదు. కార్బన్ మోనాక్సైడు ఉన్నను దీపము వెలుగుచునే యుండును. ఇంజనును బావి బయట ఉంచవలెను. లోపల ఎవరైన పడిపోయినచో వెంటనే దిగక 101 గాని 112 గాని నంబరుకు తెలియజేయవలెను. గ్రామాధికారులు ఈ సంగతిని ప్రతి వేసవిలోను చాటింపు వేయించుట మంచిది.

పరికరము మార్చునప్పుడు పాటింపవలసినవి

1. పాతదానిని వెంటనే పారవేయరాదు. కొంతకాలము పాతది, క్రొత్తది ప్రక్కప్రక్కన పెట్టి, ఒకే నీటిని రెండింటితో కొలిచి, తేడాను వ్రాసి పెట్టవలెను. లేనిచో పది సంవత్సరముల తరువాత లెక్కలలో కనబడు మార్పు సముద్రమునదో, యంత్రమునదో ఎవరును చెప్పలేరు.

2. మార్చిన తేది, కారణము, పరికరపు సంఖ్య రిజిస్టరులో ఎక్కించవలెను. వర్షమాపకమునకును ఇది వర్తించును. మాపకమును చెట్టు దగ్గరకు జరిపి, ఆ సంగతి వ్రాయనిచో, వర్షము తగ్గినదని తప్పుడు లెక్క తేలును.

3. యంత్రములను నిర్ణీత కాలమున సరిచూపింపవలెను. సరిచూడని క్రొత్త యంత్రము కంటె సరిచూచిన పాత యంత్రము మేలు.

4. వాడిన వెంటనే మంచినీటితో కడుగవలెను. ఉప్పు ఎండినచో కవాటములు పట్టుకొని పోవును, రబ్బరు చిట్లును.

5. విడిభాగములు, వాడువానికి శిక్షణ, మరమ్మతు ఖర్చు – ఈ మూడును కొనుగోలు నాడే లెక్కలో చేర్చవలెను.

రైతులు నీటి నమూనా తీయు విధము

సాగునీటికి: బోరు గాని, మోటారు బావి గాని అయినచో ముందుగా ఇరువది ముప్పది నిమిషములు నీరు పోనిచ్చి, గొట్టములో నిలిచిన నీరు పోయిన తరువాతనే పట్టవలెను. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, నిండుగా నింపి, మూత బిగింపవలెను. ఎరువు, పురుగుమందు, సారా సీసాలు ఎన్నిసార్లు కడిగినను పనికిరావు. ఒక లీటరు నీరు చాలును. సీసాపై రైతు పేరు, గ్రామము, సర్వే నంబరు, బావి లోతు, తేది, వేయదలచిన పైరు వ్రాసి, వీలైనంత వరకు అదే దినమున పరీక్షా కేంద్రమునకు చేర్చవలెను. విద్యుద్వాహకత మీటరుకు 0.7 డెసీసీమెన్సు లోపు ఉన్న నీరు అన్ని పైర్లకు మంచిది. 0.7 నుండి 3 వరకు పైరును, నేలను బట్టి జాగ్రత్త పడవలెను. 3 దాటినచో ఉప్పును తట్టుకొను పైర్లను మాత్రమే ఎన్నుకొని, మురుగు పోవు ఏర్పాటు చేసికొనవలెను. తీరగ్రామములలో ఒకే బావి నీటిని వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్షింపజేసి లెక్కలు దాచుకొన్నచో, ఉప్పునీరు ముందుకు వచ్చుచున్నదో లేదో తెలియును.

రొయ్యల, చేపల చెరువునకు: పైనీరు తోడి పంపుట వృథా. జబ్బు అడుగున ఉండును. ఇందులకు నాన్సెన్ సీసా అక్కరలేదు. ఇరుకుమూతి గాజుసీసాకు అడుగున బరువైన రాయి కట్టి, మెడకు గుర్తులు వేసిన త్రాడు కట్టవలెను. బిరడాకు వేరొక త్రాడు కట్టి, వదులుగా బిగించి దింపి, అడుగునకు జానెడు పైన ఉన్నప్పుడు రెండవ త్రాడును గుంజవలెను. బుడగలు ఆగిన తరువాత పైకి తీయవలెను. ఉప్పదనము, ఉదజని సూచిక, గట్టిదనము తెలిసికొనుటకు ఈ నీరు చాలును. కాని ప్రాణవాయువు పరీక్షకు ఇది పనికిరాదు; సీసాలోని గాలి బుడగలుగా వెలువడునప్పుడు నీటిలో కలియును. దానికి మీటరును అడుగునకు దింపి చూడవలెను. చూడవలసిన వేళ తెల్లవారుజాము. రాత్రియంతయు నీటిమొక్కలు, రొయ్యలు, అడుగు బురద కలిసి ప్రాణవాయువును వాడుకొనుట వలన అది సూర్యోదయమునకు ముందు అతి తక్కువగా ఉండును. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గనీయరాదు. మధ్యాహ్నము తీసిన లెక్క చూచి నిశ్చింతగా నిద్రించిన రైతు, మరునాడు తేలిన రొయ్యలను చూడవలసి వచ్చును.

నీటి స్వచ్ఛతకు అతి చౌకైన సాధనము ఒకటి కలదు. ఇటలీ దేశపు ఆంజెలో సెక్కి 1865లో వాడిన తెల్లని పళ్ళెమే అది. జానెడు వెడల్పు గల రేకు పళ్ళెమునకు తెలుపు, నలుపు రంగులు పూసి, నడుమ త్రాడు కట్టి దింపి, కనబడకుండ పోయిన లోతును కొలువవలెను. రొయ్యల చెరువులో 30 నుండి 40 సెంటీమీటర్లు ఉండుట మేలు. అంతకు చాల తక్కువైనచో నీటిమొక్కలు మితిమీరినవని, రాత్రి ప్రాణవాయువు తగ్గునని గ్రహించి, మేత తగ్గించి, నీరు త్రిప్పు చక్రములు నడుపవలెను. సముద్ర పరిశోధనాలయములలో లక్షల రూపాయల యంత్రములు ఉన్నను ఈ పళ్ళెమును నేటికిని వాడుచునేయున్నారు.

పరికరము ఖరీదైనదైనను, చౌకయైనదైనను నియమములు అవే: సరియైన చోట, సరియైన లోతున, సరియైన వేళకు నీరు తీయుట, ఇతరము కలియనీయకుండుట, వెంటనే వ్రాసి పెట్టుట. రాబోవు సాగుకాలమునకు ముందుగా ప్రతి గ్రామమున కనీసము పది బావుల నీటిని ఈ విధముగా పరీక్షింపజేసి, లెక్కలను గ్రామ కార్యాలయములో అందరికి తెలియునట్లు ఉంచవలసినదిగా గ్రామాధికారులను, రైతు సోదరులను కోరుచున్నాము. ఉప్పు ఎక్కిన నేలను బాగుచేయుటకు ఏండ్లు పట్టును; సీసాడు నీరు పరీక్షించుటకు పట్టునది కొన్ని దినములే.